కాపలా తగ్గినప్పుడు...

కన్ను ఎర్రబడితే కలకే అనుకుంటాం. మందుల షాపులో అడిగి ఓ చుక్కల మందు తెచ్చుకుంటాం. కానీ కంట్లో పోటు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం... ఇవి తోడైతే అది కలక కాకపోవచ్చు. కంటి మధ్య పొర వాచే యువైటిస్ కావచ్చు.

చాలామందిలో దీనికి క్రిములు కారణం కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కంటిమీద తిరగబడుతుంది. కంచే చేను మేసినట్టన్నమాట. అందుకే వైద్యులు దాని జోరు తగ్గిస్తారు. ముందు స్టెరాయిడ్లు. జబ్బు మొండికేస్తే మెథోట్రెక్సేట్ లాంటివి. ఈ మందు వెనక ఓ తెలుగువాడి కృషి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన పరిశోధనల ఫలమిది. క్యాన్సర్ కోసం పుట్టిన మందు, తక్కువ మోతాదులో వారానికోసారి వాడితే కంటిచూపునూ నిలబెడుతోంది.

అయితే కాపలా తగ్గడం కోసం కాచుక్కూర్చునేవీ ఉంటాయి. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ తగ్గిపోతుంది. వైరస్ మాత్రం పోదు. నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. నిరోధకశక్తి తగ్గిందా, అక్కి రూపంలో లేస్తుంది. నుదుటిమీద, ముక్కు కొసమీద పొక్కులొస్తే కంటికీ ముప్పే. పల్లెల్లో అక్కి రాయించుకోవడం అలవాటు. కానీ యాంటీవైరల్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. రాత కోసం తిరిగేసరికి ఆ మూడు రోజులూ గడిచిపోతాయి.

కొన్నిసార్లు హెర్పిస్ జాతి వైరస్సే యువైటిస్ తెస్తుంది. పైకి రెండూ ఒకేలా కనిపించొచ్చు. అప్పుడు ఉత్త స్టెరాయిడ్ చుక్కలే వేస్తే నిప్పులో నెయ్యి పోసినట్టే. పాత చీటీతో మళ్లీ మందు కొనకూడదనేది ఇందుకే.

మనవడికి ఆటలమ్మ పోస్తే పక్కన కూర్చుని వేపమండతో విసిరేది నాయనమ్మే. ఆవిడ ఈ మాత్రలు వాడుతుంటే, పైగా తనకెప్పుడూ ఆటలమ్మ పోయకపోతే? మనసుకు కష్టమైనా దూరంగా ఉండాలి. వెంటనే డాక్టరుకు చెప్పాలి. మందులు మొదలుపెట్టే ముందే హెపటైటిస్-బి పరీక్ష చేయించుకోవాలి. డాక్టర్నడక్కుండా ఏ టీకా వేయించుకోకూడదు.

ఇదంతా విని భయంతో మందు ఆపేస్తే మరో ప్రమాదం. వాపు తిరగబెట్టి చూపే పోవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణంమీదికీ రావచ్చు. కంటికోసం ఒంటి కాపలా కాస్త తగ్గించింది డాక్టరు. ఆ లోటు పూడ్చాల్సింది ఇంటిల్లిపాదీ.