తిరిగి తెచ్చే యంత్రం

రైతుకు పొలం ఎటువంటిదో జాలరికి పడవ అటువంటిది. అయితే పొలం ఉన్నచోటనే ఉంటుంది. పడవ ప్రతి వేకువనూ ఒడ్డును విడిచిపోతుంది. ప్రతిసారీ తిరిగి రావలసి ఉంటుంది. పోవడానికి ధైర్యం చాలు. తిరిగి రావడానికి ధైర్యంతోపాటు జాగ్రత్త కూడా కావాలి. భీమునిపట్నం తీరంలోని ఒక జాలరి కుటుంబం తన పడవకు కొత్త మోటారు అమర్చుకొన్న వృత్తాంతం ఈ సంగతిని చక్కగా తెలియజేస్తుంది.

పూర్వం ఉత్తరాంధ్ర తీరంలో జాలరులు దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్పలపై వేటకు వెళ్లేవారు. తెడ్డు, తెరచాప, గాలివాలు వారికి ఆధారాలు. పడవ వెనుక భాగానికి తగిలించి, పని ముగిశాక విప్పి ఇంటికి మోసుకుపోగల చిన్న యంత్రం అమెరికాలో రూపుదిద్దుకొన్నది. 1905 ప్రాంతంలో కామరూన్ వాటర్‌మన్ అటువంటి మోటారును తయారుచేశాడు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో మోటార్ల తయారీని ప్రారంభించి వాటిని లోకానికి పరిచయం చేశాడు. తాను వలచిన యువతి కోసం ఎండలో సరస్సు మీదుగా తెడ్డు వేసుకుంటూ వెళ్లి ఐస్‌క్రీం తెచ్చేసరికి అది కరిగిపోయిందనీ, ఆనాటి శ్రమే అతనికి ఈ ఆలోచన కలిగించిందనీ చెప్పుకొంటారు. మన తీరంలో 1980ల నుండి ఈ యంత్రాల వాడకం క్రమంగా వ్యాపించింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఫైబరు పడవల సంఖ్య, వాటితోపాటు మోటార్ల సంఖ్య మరింత పెరిగాయి. జాలరులు దీనిని ఇంజను అనే పిలుస్తారు.

భీమునిపట్నం కుటుంబానిది కూడా ఫైబరు పడవే. దానికున్న పాత ఇంజను పన్నెండేళ్లు సేవ చేసి అలసిపోయింది. ఉప్పుగాలి దాని లోహాన్ని తినివేసింది. త్రాడు ఎన్నిసార్లు లాగినా పలకని రోజులు ఎక్కువయ్యాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, చేపలు గుడ్లుపెట్టే కాలమని, మోటారు పడవలకు వేట నిషేధం ఉంటుంది. ఈ నిషేధ కాలం 2015 నుండి 61 రోజులయింది. వలలు బాగుచేసుకోవడానికీ, పడవలకు మరమ్మతులు చేయించుకోవడానికీ జాలరులకు దొరికే వ్యవధి అదే. తల్లి తన డ్వాక్రా సంఘం నుండి అప్పు తెచ్చింది. దానికి కొంత చేర్చి తండ్రి లక్ష రూపాయలకు పైగా వెచ్చించి కొత్త ఇంజను కొన్నాడు.

అది ఇంటికి వచ్చిననాడు వాడంతా చూడవచ్చింది. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన కుమారుడు ఇంజనుతోపాటు వచ్చిన ఆంగ్ల పుస్తకాన్ని ముందు వేసుకొని దాని శక్తిని, వేగాన్ని వర్ణించి చెప్పాడు. తల్లి అంతా విని ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"ఎంత బేగి తీసుకుపోతాదో చెప్పినావు గాని, మిమ్మల్ని తిరిగి తెస్తాదా?"

ఆ ప్రశ్న వెనుక ఒక పాత వేదన ఉంది. కుమారుడు ఇంకా ఉయ్యాలలో ఉన్నప్పుడు, నడిసముద్రంలో ఇంజను ఆగిపోయి తండ్రి మూడు పగళ్లు, రెండు రాత్రులు గాలికి కొట్టుకుపోయాడు. దారిన పోయే మరపడవవారు చూచి ఒడ్డుకు చేర్చారు. ఆ రెండు రాత్రులూ ఆమె ఇసుకలో కూర్చొని తెల్లవార్చింది.

జూన్ 10వ తేదీన పాత ఇంజనును విప్పే పని మొదలైంది. ఇంజను మరమ్మతులు తెలిసిన మేనల్లుడు సహాయానికి వచ్చాడు. ఉప్పుకు బిగుసుకుపోయిన మరలకు నూనె పోసి, గంటసేపు ఆగి, మెల్లగా తిప్పి ఊడదీశారు. కొత్తదానిని అక్కడనే తగిలించి నాలుగు బోల్టులు బిగిస్తే సరిపోతుందని కుమారుడు తొందరపడ్డాడు. తండ్రి తొందరపడలేదు. ఇంజను బరువంతా మోసే వెనుక పలకను సుత్తి పిడితో అంగుళం అంగుళం తట్టుతూ చెవి ఒగ్గి విన్నాడు. అంచుల వద్ద ఆ దెబ్బ గట్టిగా పలికింది. పాత బోల్టుల రంధ్రాల చుట్టూ మాత్రం తడిసిన మద్దెలలా బొద్దుగా పలికింది.

"ఇక్కడ లోపల చెక్క కుళ్లింది" అన్నాడు తండ్రి.

మేనల్లుడు అక్కడ బరమతో చిన్న రంధ్రం వేసి చూశాడు. పొడి రావలసినచోట నల్లని తడి పిప్పి వచ్చింది. పైకి ఫైబరు నిగనిగలాడుతున్నా, బోల్టుల సందుల నుండి ఏళ్ల తరబడి దిగిన నీరు లోపలి ప్లైవుడ్డును మెత్తబరిచింది. కొత్త ఇంజను పాతదానికంటె బరువైనది. దాని తోపుడు కూడా ఎక్కువ. ఆ పలక కొంతకాలం నిలిచినా, ఒకనాడు ఇంజనుతో సహా ఊడి నీట పడిపోగలదు.

"మావా, కుళ్లిన చెక్క కోసేసి కొత్తది వెయ్యాలి. తడిమీద రెజిను పట్టదు. బాగా ఆరనివ్వాలి. ఐదారు రోజుల పని" అన్నాడు మేనల్లుడు.

కుమారుని ముఖం చిన్నబోయింది. "నాన్నా, పద్నాలుగో తేదీ అర్ధరాత్రితో నిషేధం తీరిపోతుంది. మొదటి రోజు వేటకు మించిన వేట ఉండదు. అప్పు వాయిదా కూడా దగ్గరపడింది. ఈ ఒక్కసారికి వెళ్లివచ్చి తరువాత బాగుచేసుకుందాం" అన్నాడు.

"వెళ్లి వస్తే గదా, బాబూ, తరువాత అనేది" అని తండ్రి మరల పలకవైపు తిరిగాడు.

కుళ్లిన భాగాన్ని కోసి తీశారు. మేఘాలు కమ్మిన ఆ రోజులలో చెక్క ఆరడానికి రెండు రోజులు పట్టింది. నీటికి తట్టుకొనే ప్లైవుడ్డును అమర్చి, రెజినులో తడిపిన ఫైబరు గుడ్డను పొర మీద పొరగా పరిచారు. పద్నాలుగవ తేదీ అర్ధరాత్రి దాటగానే వాడలోని పడవలు వరుసగా అలలను చీల్చుకుంటూ సాగిపోయాయి. కుమారుడు ఒడ్డున నిలిచి, ఆ దీపాలు ఒకటొకటిగా చీకటిలో కలిసిపోవడం చూశాడు. మరునాడు మిత్రులు నిండు వలలతో తిరిగి వచ్చారు. అతడు తండ్రితో ఆ రోజంతా మాట్లాడలేదు.

పదహారవ తేదీన కొత్త ఇంజనును పడవకు ఎక్కించారు. పడవ అడుగుకు సరళంగా ఒక కర్రను ఆనించి, పంకాకు పైన ఉండే అడ్డురేకు ఆ కర్రకు అంగుళం దిగువగా ఉండేటట్లు సరిచూశారు. ఇంజను మరీ ఎత్తున ఉంటే పంకా గాలిని పీల్చుకొని వృథాగా తిరుగుతుంది. మరీ లోతున ఉంటే నీటిని ఈడ్చుకుంటూ పడవ బరువెక్కుతుంది. తుప్పుపట్టని ఉక్కు బోల్టులు వేసి, ప్రతి రంధ్రంలోను నీరు చొరని లప్పం నింపి, లోపలివైపు వెడల్పైన లోహపు పలకలు అమర్చి బిగించారు. బోల్టులు వదులైనా ఇంజను నీటిపాలు కాకుండ దానిని ఒక గట్టి తాడుతో పడవకు కట్టారు.

ఇప్పుడు కుమారుని చదువు అక్కరకు వచ్చింది. పాత ఇంజనుకు పెట్రోలులోనే నూనె కలిపి పోసేవారు. కొత్తది నాలుగు స్ట్రోకుల యంత్రం. దాని నూనె వేరుగా పోయాలి. అంగడి నుండి వచ్చేటప్పుడు అందులో చుక్క నూనె ఉండదని, పోయక తిప్పితే నిమిషాలలో పాడవుతుందని అతడు పుస్తకం చదివి చెప్పాడు. తండ్రి ఆ మాటను శ్రద్ధగా విన్నాడు. నూనె పోసి, కొలకడ్డీతో మట్టం చూశారు. ఇంజను కాలు మునిగేటట్లు ఒక పెద్ద పీపాను క్రింద పెట్టి మంచినీరు పోశారు. ఈ యంత్రాన్ని చల్లబరిచేది నీరే. నీరు లేకుండ నడిపితే లోపలి రబ్బరు చక్రం కాలిపోతుంది. నీరు సక్రమంగా తిరుగుతున్నదని చెప్పడానికి గుర్తు ఇంజను వెనుక నుండి చిమ్మే సన్నని ధార.

కుమారుడు త్రాడు లాగాడు. రెండవ లాగుకే ఇంజను పలికింది. కాని ధార రాలేదు. అతడు వెంటనే ఆపివేశాడు. కొత్త ఇంజనులో లోపమున్నదని చుట్టూ చేరినవారు తీర్పు చెప్పారు. మేనల్లుడు వంగి చూచి నవ్వాడు. పీపాలోని నీరు, ఇంజను నీటిని పీల్చుకొనే రంధ్రాలకు జానెడు దిగువన ఉంది. మరి నాలుగు బిందెలు పోయగానే ధార చక్కగా చిమ్మింది.

తరువాత గోస్తనీ నది సముద్రానికి చేరువైనచోట, ఇసుకమేట వెనుక నిలిచిన నీటిలో పడవను దింపారు. ముందుకు, వెనుకకు నడిపి, మధ్యలో నిలిపి చూశారు. నడిపేవాడు నీట పడితే ఇంజను తనంత తాను ఆగిపోవడానికి, మణికట్టుకు తగిలించుకొనే ఎర్రని చుట్టత్రాడు ఉంటుంది. కుమారుడు దానిని కావాలని లాగాడు. ఇంజను వెంటనే ఆగింది. పూర్తి వేగంతో ఒకసారి నడిపి చూడాలని అతనికి ఉబలాటంగా ఉంది. కాని మొదటి పదిగంటలూ యంత్రాన్ని అదుపులో నడపాలని పుస్తకం చెప్పింది. ఈసారి తండ్రి హెచ్చరించనవసరం లేకపోయింది.

మరునాడు సముద్ర పరీక్ష. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం 1999లో ఏర్పడిన నాటి నుండి సముద్రం తీరుతెన్నులను గమనిస్తూ జాలరులకు సూచనలు అందిస్తున్నది. కుమారుడు ఫోనులో ఆనాటి అలల ఎత్తు చూశాడు. తండ్రి ఒడ్డున నిలిచి ఆకాశం చూశాడు. రెండూ అనుకూలించాయి. పదిమంది కలిసి పడవను ఇసుకమేట దాటించి సముద్రపు ఒడ్డుకు చేర్చారు. ఆ కుదుపులకు పెట్రోలు ఒలికిపోకుండ మేనల్లుడు డబ్బా మూతపై గల గాలిమరను బిగించాడు. తెడ్లు, లంగరు, త్రాగునీరు వేసుకొని, రక్షణ కోట్లు తొడుగుకొని ముగ్గురూ బయలుదేరారు.

కెరటాలు విరిగే చోటు దాటి కొంతదూరం పోయారో లేదో ఇంజను దగ్గి, ముక్కి, ఆగిపోయింది. గాలి ఒడ్డువైపు వీస్తున్నది. వెనుక తెల్లని నురుగు గోడలా లేస్తున్నది. అడ్డం తిరిగిన పడవ ఆ కెరటాలలో చిక్కితే బోల్తాపడక తప్పదు.

"నాన్నా, ఇంజను పోయింది!" అని కుమారుడు కేకవేశాడు.

తండ్రి అప్పటికే తెడ్డు అందుకొని పడవ ముందు కొసను అలలకు ఎదురుగా నిలిపాడు. "పోయిందో లేదో తరువాత చూద్దాం. పెట్రోలు ఎందాక వచ్చిందో ముందు చూడు" అన్నాడు.

ఆ కంఠంలోని నిబ్బరం కుమారుని వణుకును ఆపింది. అతడు పెట్రోలు గొట్టం మధ్య గల రబ్బరు బుడ్డిని తడిమి చూశాడు. అది పిండిన నిమ్మచెక్కవలె లోపలికి అణగిపోయి ఉంది. డబ్బాలోనికి గాలి పోనిదే పెట్రోలు బయటికి రాదు. అతడు మూతవైపు చూశాడు. బిగించిన గాలిమరను తిరిగి వదులుచేయడం ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు. మర తిప్పగానే గాలి బుస్సుమని లోపలికి పోయింది. బుడ్డిని నాలుగుసార్లు నొక్కి త్రాడు లాగాడు. ఇంజను పలికింది; ధార చిమ్మింది.

తండ్రి వెంటనే ఇంటిదారి పట్టనివ్వలేదు. భీమిలి దీపస్తంభం కనుచూపులో ఉండగానే ఇంజనును మూడుసార్లు ఆపించి, మూడుసార్లు నడిపించాడు. మూడవసారి కుమారుడు ఎవరూ చెప్పకమునుపే గాలిమరను, రబ్బరు బుడ్డిని, నీటిధారను వరుసగా చూచుకొన్నాడు.

ఒడ్డుకు వచ్చిన తరువాత ఇంజనులోని ఉప్పునీరు పోయేటట్లు పీపాలో మంచినీటితో కాసేపు నడిపారు. తల్లి చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలుచుంది.

"ఏటి, తెచ్చిందా?" అని అడిగింది.

"నడిమధ్యలో ఓపాలి ఆగిపోయిందమ్మా. తప్పు దానిది కాదు, మాది" అని కుమారుడు జరిగినదంతా దాచక చెప్పాడు. చెప్పి తండ్రివైపు చూశాడు. నాలుగు రోజుల తరువాత వారిద్దరూ నవ్వుకొన్నారు.

ఆ రాత్రి వేటకు సిద్ధమవుతూ కుమారుడు ఒక చిన్న అట్టముక్కపై తెలుగులో ఎనిమిది పంక్తులు వ్రాశాడు: నూనె, పెట్రోలు, గాలిమర, రబ్బరు బుడ్డి, నీటిధార, బోల్టులు, ఎర్రత్రాడు, తెడ్లు. దానిని ప్లాస్టిక్కు సంచిలో పెట్టి పడవలో కట్టాడు. తండ్రికి చదువు రాదు. అయినా ఆ వరుసను రెండుసార్లు చదివించుకొని కంఠస్థం చేసుకొన్నాడు. తండ్రి చెవికి పట్టుబడిన పలక చప్పుడును కుమారుడు నేర్చుకోవలసి ఉంది. కుమారుని పుస్తకంలోని మాటను తండ్రి వినవలసి వచ్చింది. మొదటి రోజు వేటను వారు కోల్పోయిన మాట నిజమే. కాని ఒడ్డుకు కూతవేటు దూరంలో బయటపడిన ఆ చిన్న మరపు, చీకటిలో నడిసముద్రాన బయటపడి ఉంటే వారు కోల్పోయేది ఒక రోజు వేటతో ముగిసేది కాదు.

వేకువజామున పడవ కెరటాలు దాటింది. ఇంజను చప్పుడు దూరమై వినిపించనంతవరకు తల్లి ఒడ్డున నిలిచి, ఆ తరువాత ఇంటికి పోయి నిద్రించింది.