జాతర అయిపోయాక ఆ నీళ్ల మీద

మంట కాస్త ఎగదోసి ఇలా దగ్గరికి జరగండి. మాఘమాసం చలి ఇంకా పోలేదు. ఇవాళ కబుర్లు నీళ్ల మీద. చేరాల్సింది మేడారానికే గానీ, బయల్దేరడం మాత్రం చాలా దూరం నుంచి.

యూరప్‌లో డబ్బున్నవాళ్లు ఎండాకాలం రాగానే యాచ్‌లు వేసుకుని మధ్యధరా సముద్రం మీద తిరుగుతారని మీకు తెలిసిందే. ఆ రోజుల్లో ఫ్రాన్స్, ఇటలీ రేవుల్లో పడవ కట్టుకుందామంటే చోటుండదు. ఆ రద్దీ పడనివాళ్లు కొందరు ఈమధ్య అల్బేనియా తీరం పడుతున్నారు. ఎన్వర్ హోజా అనే కమ్యూనిస్టు నాయకుడు ఆ దేశాన్ని నలభై ఏళ్లు తలుపులు బిగించి ఏలాడు. తీరం పొడుగునా కాంక్రీటు బంకర్లు కట్టించాడు. ఆయన పోయాక కూడా ఆ తలుపులు తెరుచుకోవడానికి 1991 దాకా పట్టింది. ఆ తరవాత దొంగరవాణా భయంతో కొన్నేళ్లు సొంత మోటారు పడవల మీద నిషేధం పెట్టారు. అలా అక్కడి తీరం చాలావరకు జనం తొక్కిడి లేకుండా మిగిలిపోయింది.

అక్కడ కరాబురున్ అని సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండల వరస ఉంది. దానికి సముద్రం వైపు గ్రామ అనే చిన్న ఖాతం. వెళ్లాలంటే పడవే దిక్కు. ఒకప్పుడు అది రాయి తీసిన గని. ఆ కొండ చరియ నిండా గ్రీకులోనూ లాటిన్‌లోనూ రాతలే. రెండు వేల ఏళ్ల కిందట, గాలివాన ముంచుకొస్తే ఆ ఖాతంలో తలదాచుకున్న నావికులు తమ పేర్లూ తమవాళ్ల పేర్లూ చెక్కి, సముద్రం మీద కాపాడతారని నమ్మిన జంట దేవుళ్లు డయాస్కురీలకు దణ్ణం పెట్టుకున్నారు. ఏమిటంటారు అవి? మొక్కులండీ, అచ్చంగా మొక్కులే. మనం మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూగుతాం, వాళ్లు రాతిని చెక్కారు.

నావికుల భయం గురించి రాతి మీద రాసిన ఊరు మనకూ ఉంది. బాపట్ల దగ్గర మోటుపల్లి. ఇవాళ పోతే పల్లెటూరు, ఇసుక, గుడి. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం నాకు మన చరిత్రలోకెల్లా ఇష్టమైన కాగితం. కాగితం అన్నాను గానీ అది రాతి స్తంభం. అంతకుముందు రాజులు ఏం చేసేవారంటే, తుఫానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ కనపడితే చాలు, అందులోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ పని మానేశానన్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చినవాళ్ల దగ్గర సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోనని మాట ఇచ్చాడు. సుంకం కూడా ముప్పయింట ఒక వంతు. ఏ సరుకుకు ఎలా కట్టాలో కింద జాబితా ఉంది: గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, రాగి, సీసం, పట్టు. పగడాలు కూడా. ఎర్ర పగడమంటే మధ్యధరా సరుకే, రోమన్ల కాలం నుంచీ అది మన దేశానికి వస్తూనే ఉంది. ఆ శతాబ్దం చివర్లో వెనిస్ నుంచి వచ్చిన మార్కోపోలో కూడా ఈ రేవును ముత్ఫిలి అని తన పుస్తకంలో చెప్పాడు. అక్కడి వజ్రాలనూ సాలెగూడంత సన్నని బట్టలనూ, న్యాయంగా ఏలిన ఒక రాణినీ పొగిడాడు. ఆ రాణి మన రుద్రమదేవేనని చరిత్రకారులు అంటారు.

ఇక మేడారం.

జనం చెప్పుకునే కథ ప్రకారం, ఆ కాకతీయ వంశంలోనే ప్రతాపరుద్రుడి కాలంలో ఈ అడవిలో కరువు వచ్చింది. మేడారాన్ని ఏలుతున్న కోయ దొర పగిడిద్దరాజు కప్పం కట్టలేనన్నాడు. సైన్యం వచ్చింది. సంపెంగ వాగు ఒడ్డున యుద్ధం. పగిడిద్దరాజు, ఆయన కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు ఒకరి తరవాత ఒకరు పోయారు. కొడుకు జంపన్న ఆ ఓటమి భరించలేక వాగులో దూకాడు. నీళ్లు నెత్తురుతో ఎర్రబడ్డాయంటారు. అప్పటినుంచి అది జంపన్న వాగు. వెన్నుపోటు తిన్న పగిడిద్దరాజు భార్య సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనపడకుండా పోయింది. ఆమె కోసం వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా నేను ఉండలేను. సరుకు వేసుకుని సముద్రం మీద వచ్చిన పరాయివాడికి అభయం దొరికింది. పంట ఎండిన ఏడాది అడవిలో ఉన్న కోయవాడికి దొరకలేదు. గణపతిదేవుడి దయ నిజమైనదే, శాసనం చదివితే తెలుస్తుంది. కానీ ఆ దయ వర్తకుడి దాకా వచ్చి ఆగిపోయింది. ఏడు వందల ఏళ్లయినా జనం మరిచిపోలేదు చూడండి. మోటుపల్లి స్తంభాన్ని చూడటానికి వెళ్లేది ఏ కొద్దిమందో. మేడారంలో సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గరికి రెండేళ్లకొకసారి జాతరకు కోటి మంది దాకా వస్తారని లెక్క.

ఇప్పుడు అసలు మాట. మేడారానికి దగ్గర్లో, గోవిందరావుపేట మండలంలో లక్నవరం చెరువుంది. కొండల మధ్య చిన్న కట్ట వేసి నీళ్లాపిన పని. కట్టించింది ఎవరు? కాకతీయులే. జాతర సమయానికి జంపన్న వాగులో స్నానాలకు నీళ్లు చాలకపోతే లక్నవరం నుంచి వదులుతారు. అంటే కప్పం కోసం సైన్యాన్ని పంపిన వంశం కట్టించిన చెరువు, ఆ సైన్యం వల్ల వాగులో పడి పోయినవాడి వాగును నింపుతోంది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. అందుకే అంటాను, మేడారం వెళ్లి ఆ చెరువు మీద పడవెక్కకుండా రావద్దని.

కట్ట మీద నిలబడి చూస్తే చెరువు సగం కూడా కనపడదు. కొండ వెనక కొండ, వాటి మధ్యన మలుపులు తిరిగే నీళ్లు. పదమూడు దీవులు. వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, స్పీడ్ బోటులో ఒక చుట్టు కొట్టి, భోజనం వేళకు కారెక్కేవాళ్లే ఎక్కువ. దాన్ని నేను పడవ ప్రయాణం అనను. ఆ ఇంజను మోతకు పక్షులన్నీ లేచిపోతాయి, మన కళ్లలో నీళ్ల తుంపర తప్ప ఇంకేమీ పడదు. పొద్దున్నే వెళ్లండి. నెమ్మదిగా పోయే పెద్ద పడవ అడగండి. దీవుల మలుపు తిరిగాక ఇంజను కాసేపు ఆపమనండి, కాదనరు.

అప్పుడు చూడాలి. ఎప్పుడో మునిగి ఎండిన మోడులు నీళ్లలోంచి నల్లగా పైకి లేచి ఉంటాయి. మోడు మీద నీటికాకి రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటూ ఉంటుంది. ఆ పక్కనే చేపలు పట్టే మనిషి. ఆయన ఎక్కింది పడవ కాదు, థర్మాకోల్ దిమ్మెలను సంచిలో చుట్టి తాడు బిగించిన తెప్ప. దాని మీద గొంతుక్కూర్చుని, రాత్రి వేసిన వలను ఒక కొస నుంచి ఒళ్లోకి లాక్కుంటూ పోతాడు. చేప తగిలిన చోట ఆగుతాడు. మొప్పల్లో చిక్కిన దారాన్ని బొటనవేలితో తప్పిస్తాడు, చేపను వెనక బుట్టలో వేస్తాడు, మళ్లీ లాగుతాడు. ఇంత చేస్తున్నా తెప్ప ఒక పక్కకు ఒరగదు. మత్తడి దుంకే రోజుల్లో చేప ఎదురెక్కుతుందని, ఏ దీవి చాటున లోతెంతో, గాలి ఎటు మళ్లితే ఒడ్డుకు వెళ్లిపోవాలో వీళ్లకు తెలుసు. ఈ చెరువు మీద మనల్ని తిప్పే పని ముందు వీళ్లకే దక్కాలని నా అభిప్రాయం. కాటేజీలు ఎన్నయినా కట్టొచ్చు, ఈ తెలివిడి కట్టించలేం.

వీలుంటే పాలంపేట కూడా చూసి రండి. రామప్ప చెరువు మీదా పడవలున్నాయి. 1213 నాటి రామప్ప గుడి గోపురానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. దాని సంగతి చెప్పాలంటే ఇంకో రాత్రి కావాలి.

ఈ నీళ్లంటే భయం కూడా ఉండాలి. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకుముందు అంత వాన ఎప్పుడూ నమోదు కాలేదు. జంపన్న వాగు పొంగి కొండాయి ఊరి మీద పడింది. ప్రాణాలు పోయాయి. ప్రతి జాతరకూ గోవిందరాజు బయల్దేరి వచ్చేది ఆ కొండాయి నుంచే. గోదావరి వెంట కిందికి పోతే, పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న వరదలో విహార పడవ మునిగి యాభై మంది దాకా పోయారు. వరద ఉన్న రోజున పడవ కదలకూడదు, అంతే. ఎంత దూరం నుంచి వచ్చామన్నది పడవ కదపడానికి కారణం కాదు.

కాబట్టి ఒక పని చేయండి. జాతర సందడి సద్దుమణిగాక, ఎండలు ముదరకముందు, ఒక మామూలు రోజు చూసుకుని బయల్దేరండి. గద్దెల దగ్గర దణ్ణం పెట్టుకుని, పస్రా మీదుగా లక్నవరం రండి. పెద్ద దూరమేమీ కాదు. లైఫ్ జాకెట్ ఇస్తే చేతిలో పట్టుకోకుండా కట్లు బిగించి వేసుకోండి, ఇవ్వకపోతే పడవ ఎక్కకండి. పిల్లలకు జంపన్న కథ పడవ మీదే చెప్పండి. తిన్న సంచులూ తాగిన సీసాలూ మాత్రం ఆ నీళ్లలో వేయకండి. వచ్చే జాతరకు మనం వాగులో మునిగేది ఆ నీళ్లలోనే.