సత్యభామ మైకు దగ్గరికి రాదు

పామర్రులో నేను పనిచేసిన మైకు సెట్టు షాపులో పెళ్ళిళ్ళకో పద్ధతి, ఎలక్షన్లకో పద్ధతి, కూచిపూడి కళాపీఠానికి ఇంకో పద్ధతి ఉండేది. పెళ్ళికి గొట్టాలు ఎంత గట్టిగా అరిస్తే పెళ్ళివారికి అంత పరువు. కళాపీఠానికి గొట్టాలు పనికిరావు, బాక్సులే తీసుకెళ్ళాలి. అవి కూడా ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళ చెవుల మీదికి కాకుండా కాస్త పక్కకి తిప్పాలి. 1990ల మొదటి రోజుల మాట ఇది. అహూజా ఆంప్లిఫయర్, వైరు చుట్టలు, సరుగుడు బాదులు రిక్షాలో వేసుకుని, సాయంత్రం ప్రోగ్రామంటే మధ్యాహ్నానికే చేరుకునేవాణ్ణి.

కళాపీఠం ఆవరణ పెద్దదేం కాదు. కాసిని గదులు, ఒక వరండా, ముందు ఖాళీ జాగా. అంతకుముందు కూచిపూడిలో విద్యంతా రామలింగేశ్వరుడి గుడి చుట్టూ ఉన్న భాగవతుల ఇళ్ళలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఏలూరులో వకీలు, నాటకాల్లో కృష్ణుడి వేషానికి పేరుమోసిన బందా కనకలింగేశ్వరరావు గారు 1950ల్లో పట్టుబట్టి సిద్ధేంద్ర కళాక్షేత్రం పెట్టించారు. చింతా కృష్ణమూర్తి గారి లాంటి పెద్దలు అక్కడ పాఠం చెప్పారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టాక కళాక్షేత్రం దాని కిందికి వచ్చి కళాపీఠమైంది. నేను వెళ్ళే నాటికి ఆడపిల్లలు కూడా అక్కడ చేరి నేర్చుకుంటున్నారు. వాళ్ళకి కాలేజీ, మా ఓనరుకి బాకీ ఆలస్యంగా తీర్చే ఖాతాదారు.

వరండా గోడకి పాత గురువుల ఫొటోలు ఉండేవి. ఒక ఫొటోలో జడ ముందుకి వేసుకున్న సత్యభామ, పక్క ఫొటోలో విభూతి రేఖలతో చొక్కా లేని పెద్దాయన. ఇద్దరూ ఒకరేనని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. పిల్లలు స్టేజీ ఎక్కేముందు ఆ గోడకి దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు. వైరు తగిలించుకోవడానికి నేనొకసారి అందులో ఒక మేకు మీద చెయ్యి వేస్తే, చీపురు పట్టుకున్న ఆయమ్మ అరిచిన అరుపుకి ఆంప్లిఫయర్ అక్కర్లేకపోయింది.

అసలు చిక్కు సత్యభామ కథ ఆడే భామాకలాపంతో వచ్చేది. పద్యనాటకాల వాళ్ళతో ఏ బాధా లేదు. కృష్ణుడైనా అర్జునుడైనా మైకు ముందుకొచ్చి, నిలబడి, రాగం తీసి, వన్స్‌మోర్ కోసం చూస్తారు. భాగవతుల పద్ధతిలో ఆడేవాడే పాడాలి, మాట కూడా వాడే చెప్పాలి. స్టేజీ ముందు మూడు స్టాండు మైకులు నిలబెడితే కింద కూర్చున్నవాళ్ళకి కాళ్ళు కనపడవు. కూచిపూడి చూడ్డానికొచ్చి కాళ్ళు చూడకపోతే ఏం చూసినట్టు? పైనుంచి వేలాడదీస్తే గజ్జెలు వినిపిస్తాయి, మృదంగం వినిపిస్తుంది, తెర పట్టుకున్న ఇద్దరి గుసగుసలు కూడా వినిపిస్తాయి. మాట మాత్రం వినిపించదు.

ఒక సాయంత్రం సత్యభామ వేషం వేదాంతం సత్యనారాయణ శర్మ గారిది. 1970లోనే పద్మశ్రీ వచ్చిన మనిషి, అప్పటికి యాభై దాటారు. మధ్యాహ్నం నుంచీ అద్దం ముందు కూర్చుని ఒక్కొక్క నగా పెట్టుకుంటుంటే, వైర్లు సర్దుతున్నట్టు నటిస్తూ గుమ్మంలో నిలబడి చూశాను. స్టాండు మైకు కాస్త మధ్యకి జరపబోతుంటే, తాళాలు చేత పట్టుకున్న ఒక పెద్దాయన నన్ను ఆపాడు. “అబ్బాయ్, సత్యభామ మైకు దగ్గరికి రాదు. నువ్వే ఆవిడ దగ్గరికి వెళ్ళాలి.”

ఎలా వెళ్ళడం? ఆయనే చెప్పాడు. రెండు మైకులు పొట్టి స్టాండ్లకి బిగించి స్టేజీ అంచున, మోకాలి కంటే కిందికి పెట్టించాడు. ఒకటి సూత్రధారుడికి. మిగతాదంతా వాల్యూమ్ బిరడా మీద నా చెయ్యి. తెర వెనకనుంచి జడ బయటపడింది, జనం గోల. ప్రవేశ దరువులో గొంతు నిండుగా ఉంటుంది, తగ్గించాలి. మాధవి వేషంలో సూత్రధారుడు మొగుడి పేరేమిటమ్మా అని అడిగినప్పుడు సత్యభామ సిగ్గుపడి నసుగుతుంది, పెంచాలి. అయితే పెంచిన క్షణంలోనే తాళాలు మోగితే మైకు కుయ్యిమంటుంది. లేఖ రాసే చోట గొంతు వణుకుతుంది, మళ్ళీ పెంచాలి. ఎక్కడ వీపు తిప్పుతుందో, ఎక్కడ రుసరుసలాడుతూ మైకు మీదికొస్తుందో ముందే తెలియాలి. అందుకని భామాకలాపం నాకు కంఠతా వచ్చింది. పిల్లలు పరీక్ష కోసం నేర్చుకున్నది నేను బిరడా కోసం నేర్చుకున్నాను. వాళ్ళ రిహార్సల్ జరుగుతుంటే వరండాలో కూర్చుని తరవాతి మాట అందించేవాణ్ణి కూడా.

కోర్సు పిల్లల సోలో ప్రోగ్రాములు వేరు. గాయకురాలు, నట్టువాంగం, మృదంగం, వయొలిన్ అన్నీ ఒక పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటాయి. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టాక ఈ పద్ధతే లోకమంతా పాకింది. మైకువాడికి స్వర్గం, తలా ఒక మైకు పెట్టి టీ తాగి రావచ్చు. నాట్యం కూడా శుభ్రంగా, అద్దినట్టు ఉంటుంది, కాదనను. కానీ ఆ పిల్లల్లో మంచి గొంతున్నవాళ్ళు ఉండేవారు. పెదవులు కదిపి ఊరుకునేవారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2016 డిసెంబరులో బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఆరువేల మందికి పైగా ఒకేసారి ఆడి గిన్నిస్ కెక్కినప్పుడు చూడ్డానికి వెళ్ళాను. రికార్డు చేసిన పాట, బ్రహ్మాండమైన స్పీకర్లు, ఎక్కడా కుయ్యిమనలేదు. అంతమందిలో ఒక్కరు కూడా నోరు తెరిచి ఒక్క మాట చెప్పనక్కర్లేదు. సత్యనారాయణ శర్మ గారు 2012లోనే పోయారు.

ఇప్పుడు చెంపకి అతికించే కార్డ్‌లెస్ మైకులొచ్చాయి. ఆడుతూ పాడుతూ మాట్లాడొచ్చు. ఇవి ముప్పై ఏళ్ళ ముందు వచ్చుంటే నా బతుకు మరోలా ఉండేది. వీటికీ ఒక జబ్బుంది. సత్యభామ తల విసురుగా తిప్పినప్పుడల్లా చెవి జూకా మైకుకి తగిలి టక్కుమంటుంది. మొన్నామధ్య ఒక ప్రోగ్రాముకి నా వెంట వచ్చిన కుర్రాడు గ్రీన్‌రూములోకి వెళ్ళి, ఆ జూకాలు తీసేయమని భామ వేషం కట్టినాయన్ని అడిగాడు. లోపల ఏం విన్నాడో పత్రికలో రాయడం బాగోదు.