పాలుకిచ్చిన పెట్ట

మా కొండరెడ్ల ఊళ్ళలో ఒక పెట్టకి ఇద్దరు యజమానులు ఉండొచ్చు. ఒకరి పెట్టను ఇంకొకరు తెచ్చుకుని సాకుతారు. అది పొదిగి, పిల్లలు పెద్దవయ్యాక చెరిసగం పంచుకుంటారు. దీన్ని పాలుకివ్వడం అంటాం. సంతలో ఉప్పు, నూనె, పిల్లల నోటుపుస్తకాలు చాలాసార్లు ఈ పంపకంలోంచే వస్తాయి. ఆడవాళ్ళ చేతిలో ఉండే సొమ్ము అదే. అందుకే పాలుకిచ్చిన పెట్టకి ఏమైనా అయితే పోయేది ఒక పూట కూర కాదు, రెండిళ్ళ లెక్క.

నేను మారేడుమిల్లి అడవి వైపు ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. మా పెద్దమ్మ ఇచ్చిన ఎర్రపెట్ట రెండేళ్ళుగా మా ఇంట్లోనే ఉంది. మాఘమాసంలో అది తొమ్మిది పిల్లల్ని దింపింది. పిల్లలకి ఇంకా రెక్కల ఈకలు సరిగా రాకముందే పెట్ట మేత మానేసింది. మెడ లోపలికి లాక్కుని, కళ్ళు సగం మూసుకుని ఒక మూల నిలబడేది. గింజ చల్లితే పిల్లల్ని పిలిచేది కాని తాను ముట్టేది కాదు. రెట్ట కూడా నీళ్ళలాగా కొంచెమే వేసేది. తల్లి లేకపోతే ఆ పిల్లల్ని గద్ద రెండు రోజుల్లో ఖాళీ చేస్తుంది.

కబురు పెడితే పెద్దమ్మ తెల్లారకుండానే వచ్చింది. పెట్టను చంకలో పెట్టుకుని మెడ కింద, రొమ్ముకి కొంచెం కుడివైపున వేళ్ళతో తడిమింది.

"పొద్దున్నే గింజ వేశావా?"

"లేదు పెద్దమ్మా. గూడు ఇప్పుడే తీశాను."

"అయితే ఇది నిన్నటి మేత. తిత్తి దిగలేదు. చెయ్యి పెట్టి చూడు."

చూశాను. నిమ్మకాయ కంటే పెద్దదిగా, గట్టిగా, పిండిముద్దలా తగిలింది.

తిత్తి అంటే కోడి మేత సంచి. కోడికి పళ్ళు లేవు. మింగిన గింజ ముందు ఈ సంచిలో చేరి నానుతుంది. అక్కడినుంచి కొంచెం కొంచెంగా దిగి, కడుపు రసాలతో కలిసి, కందనకాయలో పడుతుంది. కోడి ఏరుకుని మింగిన చిన్న రాళ్ళు కందనకాయలో ఉంటాయి. ఆ రాళ్ళే తిరగలిలా గింజను నూరుతాయి. సాయంత్రం గూటికి చేరేటప్పుడు తిత్తి నిండుగా ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ కావాలి. అందుకే పెద్దమ్మ ముందు గింజ సంగతి అడిగింది. తెల్లవారి తడిమిన చెయ్యే నిజం చెబుతుంది. సాయంత్రం తడిమితే ఆరోగ్యంగా ఉన్న కోడికీ జబ్బున్నట్టే ఉంటుంది.

ఈలోగా ఇరుగుపొరుగు చేరారు. ఊపిరి ఉండగానే కోసేయమని ఒకరు, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా దులిపితే కక్కేస్తుందని ఇంకొకరు. నేను సిగ్నలు అందే గుట్ట ఎక్కి పశువైద్య సహాయకుడికి ఫోను చేశాను. ఆయన మొదటి మాటే, "తలకిందులు చెయ్యకండి మేడం" అని. తిత్తిలోని నీళ్ళు ఊపిరి గొట్టంలోకి పోతే కోడి అక్కడికక్కడే చచ్చిపోతుందట.

ఆయన చెప్పినట్టే చేశాం. పెట్టను గంప కింద విడిగా పెట్టాం. పిల్లల్ని పక్క గంపలో, దాని గొంతు వినిపించేంత దూరంలో ఉంచాం. ఆ రోజంతా గింజ లేదు, గడ్డి లేదు, మంచినీళ్ళు మాత్రం ముందు పెట్టాం. సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చని నీళ్ళు, అర చెంచా కొబ్బరినూనె, ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా వేశాం. అది మింగేదాకా ఆగి తర్వాతి చుక్క. తర్వాత పెట్టను నిటారుగా పట్టుకుని, తిత్తిని వేళ్ళ మధ్య మెల్లగా పిసికాం. జొన్నపిండి ముద్దను విడదీసినట్టు, నొక్కకుండా. అలా ఐదు నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు.

మర్నాడు పొద్దున తిత్తి ఇంకా ఉంది, కాని గట్టితనం తగ్గింది. మూడో రోజు రెట్టలో ఎండుగడ్డి పీచుతో పాటు నీలంరంగు దారం ముక్కలు కనిపించాయి. పెద్దమ్మ పుల్లతో కదిపి, "ఇదేం గడ్డే?" అంది. అది గడ్డి కాదు. కూరపాదుల దడులకి జనం కట్టే ఎరువు బస్తాల పోగు. ఎండకి చివికి రాలిపోతుంది. కోడి కంటికి అది పురుగులాగే ఉంటుంది. పెద్దమ్మ చిన్నప్పుడు దడులు వెదురువి. తిత్తి కట్టుకుపోవడం ఆమెకి తెలుసు, ఈ దారం మాత్రం కొత్త.

నాలుగో రోజు తెల్లారి తిత్తి మెత్తగా, ఖాళీగా ఉంది. పల్చటి చోడి అంబలి పెట్టాం, తర్వాత మెత్తటి అన్నం. వారం దాటాకే గింజ, దాంతోపాటు వాగు ఒడ్డు నుంచి తెచ్చిన సన్న రాళ్ళు ఒక చిప్పలో. పెట్ట పిల్లల్ని వెంటేసుకుని దొడ్లోకి దిగింది.

ప్రతి జబ్బూ ఇలా కుదరదు. తిత్తి మెత్తగా నీళ్ళ సంచిలా ఊగుతూ నోరు పులిసిన వాసన వేస్తే అది వేరే సంగతి, నీళ్ళు పోయకూడదు. రెండు రోజులు చేసినా గట్టిగానే ఉంటే పశువైద్యుడికి చూపించాలి, తిత్తిని కోసి తీసి కుట్టే వీలుంది. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. ఒకేసారి చాలా కోళ్ళు ముడుచుకుని, ఆకుపచ్చ రెట్ట వేసి, మెడలు తిప్పుతుంటే అది కొక్కెర తెగులు. దానికి నూనె, పిసుకుడు పనిచేయవు. పిల్లలకి మొదటి వారంలోనే టీకా చుక్కలు వేయించాలి.

ఐదో తరగతికి జీర్ణక్రియ పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు నేను మనిషి బొమ్మ పక్కనే కోడి బొమ్మ కూడా గీస్తున్నాను. పిల్లలు ఇంటి దగ్గర సాయంత్రం ఒకసారి, గూడు తీయకముందు ఒకసారి తిత్తి తడిమి పుస్తకంలో రాసుకొస్తారు. సందేహం వస్తే అవ్వల్ని అడుగుతారు. బడిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు ఈ పాఠంలో ముందు లేచి మాట్లాడతారు, ఎందుకంటే ఈ సంగతి వాళ్ళ చేతికి ముందే తెలుసు. మన అవ్వల చేతికి తెలిసినవి చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు. బస్తా దారం సంగతి, టీకా సంగతి అవ్వలకి చెప్పేవాళ్ళు లేరు. ఈ రెండింటినీ కలపగలిగింది చదువుకున్న మన పిల్లలే, వాళ్ళకి చెప్పే మనమే.

ఉగాది దాటాక పిల్లల్ని పంచుకున్నాం. తొమ్మిదిలో ఒకదాన్ని ముంగిస ఎత్తుకుపోయింది. మిగిలినవి ఎనిమిది. పెద్దమ్మ నాలుగు తీసుకుంది, పెట్టను మళ్ళీ నా దగ్గరే ఉంచింది.