చిక్కిపోయినావేందమ్మీ

మా స్నానాలగదిలో తూకం మిషను పక్కన ఒక పలక ఉండేది. మార్కాపురం పలక. పాపకు అఆలు దిద్దించాలని ఊరి నుంచి చీరల మడతల్లో పెట్టుకొని మినియాపొలిస్ తెచ్చాను. పాప నాలుగు రోజులు దిద్ది వదిలేస్తే నేను తీసుకున్నాను. రోజూ పొద్దున్నే మిషనెక్కి దిగి, కనబడిన అంకెను బలపంతో దానిమీద రాసేదాన్ని. మర్నాడు తడిచేత్తో తుడిచి కొత్తది రాసేదాన్ని. అంకె తగ్గితే ఆ రోజంతా నేను మంచిదాన్ని. పెరిగితే ఆ పూట తిండి లేదు. మూడేళ్ళు ఇలాగే గడిచాయి.

మొదలైంది గిద్దలూరులో ఒక పెళ్ళి బంతిలో. కాన్పయ్యి ఏడాది కూడా కాలేదు. వడ్డిస్తున్న పెద్దావిడ నా జబ్బ పట్టుకుని, "అమెరికా నీళ్ళు బాగా పట్టినట్టుండాయే" అంది. ఆమె ముద్దుగానే అంది, చుట్టూ ఉన్నవాళ్ళు ముద్దుగానే నవ్వారు. నాకు మాత్రం విస్తట్లోని బూరె కొండంత కనబడింది. దాన్ని ముట్టకుండానే ఆకు మడిచి లేచాను.

తిరిగొచ్చాక నెయ్యి మానేశాను, తర్వాత అన్నం, తర్వాత రాత్రి భోజనం. వారాంతపు విందుల్లో అందరికీ వడ్డిస్తూ తిరిగితే మనం తినలేదన్న సంగతి ఎవరికీ పట్టదు. "ఎంత బాగా తగ్గారండీ, ఏం చేశారు?" అని అడిగేవాళ్ళు. జుట్టు ఊడుతోందని, నెలసరి ఆగిందని వాళ్ళకేం చెప్పను? రాత్రి రెండింటికి నిద్రపట్టక, దుప్పటి కింద ఫోనులో సంగటి కెలికే వీడియోలు చూసేదాన్ని. కొన్ని రాత్రులు ఓర్చుకోలేక ఫ్రిజ్ వెలుతురులో నిలబడి చల్లన్నం గిన్నె గిన్నెంతా తినేదాన్ని. తెల్లారి మళ్ళీ మిషను, పలక. ఆదివారం అవ్వ ఫోన్లో "తిన్యావా?" అనేది. "తిన్నానవ్వా" అనేదాన్ని.

ఒకరోజు ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి పడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడినుంచి కౌన్సెలర్ దగ్గరికి. ఆమె నా కథంతా విని, ఈ ఊళ్ళోనే జరిగిన ఇంకో కథ చెప్పింది. యుద్ధంలో తుపాకి పట్టబోమన్న ముప్ఫయ్యారు మంది యువకుల్ని 1944 నవంబరులో మిన్నెసోటా యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం కింది గదుల్లో ఉంచి, ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. ఐరోపాలో ఆకలితో మాడినవాళ్ళకు మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి, వీళ్ళకు ఆరు నెలల పాటు సగం కడుపుకే పెట్టారు. బరువులో దాదాపు పావువంతు పోయింది. చలికి వణికారు, చీటికీమాటికీ చిరాకుపడ్డారు, పళ్ళేలు నాకారు. వంటల పుస్తకాలు పోగేసుకుని గంటల తరబడి చదివారు. ఆరోగ్యంగా వచ్చిన మగపిల్లలు వాళ్ళు. మళ్ళీ కడుపునిండా పెట్టాక కూడా కొందరికి నెలల తరబడి నిండినట్టే అనిపించలేదట.

వంటల పుస్తకాలనగానే నా ఫోను గుర్తొచ్చి ఏడ్చాను. నాకు బుద్ధిలేదనే అప్పటిదాకా అనుకున్నాను. అది ఆకలి చేసే పని అని ఎవరూ చెప్పలేదు. నేను పొద్దస్తమానం లెక్కవేసుకునే బీఎంఐకి 1972లో ఆ పేరు పెట్టినదీ ఆ కీసే.

ఆ ఎండాకాలం ఊరెళ్ళాను. మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి కంభం దాటి మా పల్లె చేరేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. దగ్గరికి రమ్మని నా మెడ కింద ఎముకల మీద వేళ్ళు పోనిచ్చింది.

"చిక్కిపోయినావేందమ్మీ, ఆడ కూడు దొరకదా?"

ఆ రాత్రి ఆరుబయట మంచాలేసుకున్నాక తన చిన్నప్పటి కరువు చెప్పింది. మావైపు 1970 దాకా కర్నూలు జిల్లా, అంటే రాయలసీమే. 1952 నాటి రాయలసీమ కరువుకి అవ్వకు పన్నెండేళ్ళుంటాయేమో. గంజి కేంద్రం ముందు ముంత పట్టుకుని నిలబడ్డది. వానలు పడి, గాదె నిండి, పెళ్ళై అత్తగారింటికి పోయాక కూడా శెనక్కాయలు గుడ్డలో మూటగట్టి దిండు కింద పెట్టుకుంటేగానీ నిద్రపట్టేది కాదట. నేను కారు అరలో బిస్కెట్లు దాచుకున్నాను. ఒంటికి కరువూ డైటింగూ వేరువేరు కావు. వాన పడక తిండి లేదో, పెళ్ళిలో ఎవరో ఏదో అన్నారని తిండి లేదో దానికెట్లా తెలుస్తుంది?

ఇంకోటి మనసులో ములుకులా ఉంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నప్పుడు నేను పొంగిపోయాను. కానీ ఇండియన్ స్టోరులో కొర్రల పొట్లం మీద నడుము చుట్టూ టేపు పెట్టుకున్న అమ్మాయి బొమ్మ చూసి మనసు చివుక్కుమంది. మా అవ్వ ఆకలి తీర్చిన గింజను ఇక్కడ ఆకలి చంపుకోవడానికి అమ్ముతున్నారు.

కోలుకోవడం మెల్లగా జరిగింది, ఇంకా జరుగుతోంది. ఆకలైనా కాకపోయినా మూడుపూటలా వేళకు తినమన్నారు. మొదటి నెలల్లో పొట్ట ఉబ్బరించేది, భయమేసేది, అద్దం మీద తువ్వాలు కప్పేదాన్ని. మిషను బయట పారేశాం. పలక మళ్ళీ పాపదైంది. అమ్మకు మాత్రం ఒకటి గట్టిగా చెప్పాను: ఈసారి వచ్చినప్పుడు చిక్కినావనీ ఎవరూ అనొద్దు, ఒళ్ళుచేసినావనీ అనొద్దు. పలకరించాలంటే "తిన్నావా" అనండి, ఆ మాట మనకుంది కదా.

పోయిన ఆదివారం సంగటి చేశాను. బియ్యం మెత్తగా ఉడికాక పైన రాగిపిండి గుట్టగా పోసి, మూతపెట్టి, పచ్చి వాసన పోయాక కట్టెతో కెలికాను. ఉండలు కట్టకుండా కెలకడం ఇంకా పూర్తిగా రాలేదు. చెయ్యి తడిచేసుకుని ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి నెయ్యి పోశాను. నెయ్యి పోసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఆపైన పోసింది. పాప, నేను ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

అప్పుడే అవ్వ ఫోను.

"తిన్యావా?"

"తిన్నానవ్వా."

"ఏం తిన్యావు?"

"సంగటి, శెనక్కాయల పచ్చడి."

"ఎన్ని ముద్దలు?"

"రెండు," అన్నాను.