చీటీ ఉన్న గూబ... చీటీ లేని పువ్వు

విజయనగరం జంక్షన్‌లో రాయపూర్ రైలెక్కితే బొబ్బిలి, పార్వతీపురం దాటాక కొండలు పట్టాల దగ్గరికి జరుగుతాయి. 1931లో పూర్తయిన దారి ఇది. రాయగడ, టిట్లాగఢ్ దాటి ఇంకా పోతే ఖరియార్ రోడ్ అనే స్టేషన్ వస్తుంది. దానికి పేరిచ్చిన ఖరియార్ అంటే పక్షుల పరిశోధకులకు ఓ గుడ్లగూబ గుర్తొస్తుంది!

పగటిపూటే వేటాడే ఈ చిన్న అడవి గూబ మొదట దొరికింది 1872లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని ఫుల్‌ఝర్ దగ్గర. 1877లో ఖరియార్ అడవిలో వాలెంటైన్ బాల్‌కు మరొకటి చిక్కింది. 1884 తర్వాత జాడ లేదు. ఇక అంతరించిందనే అనుకున్నారు. మ్యూజియాల్లో మిగిలినవి ఏడు చర్మాలు, కాళ్లకు కట్టిన చీటీలు.

ఆ చీటీల్లో ఒకటి దొంగది. 1914లో గుజరాత్‌లో తానే పట్టానని మైనర్ట్‌జాగన్ రాసుకున్న గూబ, నిజానికి బ్రిటిష్ మ్యూజియం నుంచి కాజేసింది. ఆ చీటీని నమ్మి అక్కడ వెతికినవాళ్లకు ఏమీ కనిపించలేదు. పమేలా రాస్ముస్సెన్ దాన్ని పక్కన పడేసి మిగతావాటిని నమ్మారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని శహాదా దగ్గర, పట్టపగలు, మోడుచెట్టు మీద గూబ కూర్చునుంది. 113 ఏళ్ల తర్వాత!

సరే, మళ్లీ విజయనగరం కిరాణా కొట్టుకు వద్దాం. బిర్యానీ దినుసుల్లో నల్లగా, ముడుచుకుని ఉండే రాతిపువ్వు పువ్వు కాదు, రాతి మీదే పెరగాలనీ లేదు. చెట్ల బెరడు మీదా పాకుతుంది. శిలీంధ్రం, నాచు కలిసి చేసే కాపురమది. శాస్త్రవేత్తలు లైకెన్ అంటారు. ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. గీకడానికి మాత్రం నిమిషం చాలు. ఒక్క పొట్లంలోనే రెండు మూడు జాతులు కలిసిపోయి ఉంటాయి. వంటకు తేడా రాదు కాబట్టి ఎవరూ అడగరు.

అమెరికాలో అపలాచియన్ కొండల తడిబండల మీద బతికే 'రాక్ నోమ్' లైకెన్‌ను 1995లో అంతరించిపోతున్న జాతుల చట్టం కిందకు తెచ్చారు. అది ఏ కొండలో, ఏ బండ మీద ఉందో రాసిపెట్టుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది. మన పొట్లం మీద ధర ఉంటుంది, తేదీ ఉంటుంది, కొండ పేరు ఉండదు. గూబ చచ్చినా దాని కాలికి ఊరి పేరు కట్టారు. రాతిపువ్వుకు ఆ మర్యాద కూడా లేదు. ఏ చెట్టుకు పట్టేది, ఏ గట్టు మీద ఇప్పుడు కనిపించనిది గీకి తెచ్చేవాళ్లకే తెలుస్తుంది. ఆ సంగతి తూకం దగ్గరే ఆగిపోతోంది.