ఆ గిటారు గొంతు దొరికిందండీ!

ఎరిక్ క్లాప్టన్ పేరు మీలో చాలామంది వినే వుంటారు. 1966 మే నెలలో, 21 ఏళ్ల వయసులో, లండన్ డెక్కా స్టూడియోలో జాన్ మేయాల్ బృందంతో ఆయన ఒక ఆల్బమ్ వాయించాడు. అట్ట మీద ఆయన 'బీనో' అనే పిల్లల బొమ్మల పత్రిక చదువుతూ కనిపిస్తాడు. అంచేత అందరికీ అది 'బీనో ఆల్బమ్' అయిపోయింది. అందులో గిటారు ఉత్తినే మోగదు. ఏడుస్తుంది, కసురుతుంది, మధ్యలో గొంతు బొంగురుపోతుంది కూడా!

సరిగ్గా ఆ గొంతే కావాలన్నాడు నన్ను పిలిచిన సంగీత దర్శకుడు. (పేరు చెప్పను, ఆయన నాకింకా డబ్బివ్వాలి.) హీరో వూరొదిలి వెళ్లే ఘట్టానికి 40 సెకన్ల బిట్. వారం గడువు. "నీ వల్ల కాకపోతే చెప్పు బాబూ, రెడీమేడ్ లూప్ వేసేస్తా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు గుండె జారింది. ఒకసారి లూప్‌తో పని జరిగిపోతే రెండోసారి మనకి ఫోనెందుకు చేస్తారు చెప్పండి?

క్లాప్టన్ వాడింది మార్షల్ ఆంప్లిఫయర్. మోడల్ 1962. అది సంవత్సరం కాదు, నంబరు! రెండు 12 అంగుళాల స్పీకర్లు, కేటీ66 వాల్వులు. వాల్వంటే మన తాతల నాటి రేడియోల్లో ఎర్రగా వెలిగేదే. వాల్యూం పెంచేకొద్దీ అది మోయగలిగినంత మోసి, ఆపైన శబ్ద తరంగం నెత్తిని నున్నగా అణిచేస్తుంది. ఆ అణచడంలోంచి కొత్త హార్మోనిక్స్ పుడతాయి. అదే ఓవర్‌డ్రైవ్. అంటే స్టూడియోలోనూ స్టేజీ మీదలాగే హోరెత్తించాలి. క్లాప్టన్ అదే చేశాడు. మైకుని కూడా దూరంగా పెట్టించాడు.

నేనుండేదేమో అపార్ట్‌మెంటు. కింది వాటాలో గుండె ఆపరేషనయిన పెద్దాయన. ఇంక హోరు మాటెత్తగలనా? కంప్యూటరే శరణ్యం.

వాల్వూ, ట్రాన్స్‌ఫార్మరూ ఎలా ప్రవర్తిస్తాయో లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ వుంది. సెకనుకి 48,000 సార్లు గిటారు శబ్దాన్ని కొలిచి, ప్రతిసారీ లెక్క వేస్తుంది. ఇక్కడో తిరకాసు. కొత్తగా పుట్టిన హార్మోనిక్స్ 24,000 హెర్ట్జ్ దాటితే వెనక్కి మడతపడి, శ్రుతితో సంబంధం లేని గరగరగా వినిపిస్తాయి. అందుకని లోపల ఇంకా ఎన్నో రెట్లు వేగంగా లెక్క కట్టించాలి. దాన్నే ఓవర్‌శాంప్లింగ్ అంటారు. ఆ మీట నొక్కాను. గరగర పోయింది.

తరవాత గెయిన్. కుర్రాళ్లందరూ దీన్ని చివరికంటా తిప్పేస్తారు. బీనో మళ్లీ వినండి, అంత రొద వుండదు. సగం దగ్గర ఆపాను. స్పీకర్ సంగతి మరీ తమాషా. నిజం స్పీకరు గుండా పరీక్ష శబ్దం పంపి, అది మైకుకి ఎలా చేరిందో ఆ ముద్రని దాచి వుంచుతారు. నేను దూరపు మైకుతో తీసిన ముద్ర వేశాను. ప్రాణం లేచొచ్చింది! ఆంప్లిఫయర్ కన్నా ఈ ముద్రే ముఖ్యమంటాను నేను.

ఆయన లెస్ పాల్ గిటారు అదే ఏడాది దొంగల పాలయింది. నాది దాని చవక నకలు. అయినా పలికింది!

ఒక్కటే మిగిలింది, చివరి నోటు. హోరులో గాలి అదిరి, తిరిగొచ్చి తీగెని అదిలిస్తుంది. అందుకే నోటు ఆరిపోకుండా సాగుతుంది. హెడ్‌ఫోన్లలో ఆ గాలేదీ? ఎన్ని లెక్కలు కట్టినా నా తీగె అయిదో సెకనుకే చచ్చిపోతోంది. గడువు రేపనగా, పెద్దాయన చెకప్‌కి ఆస్పత్రికెళ్లారు. బల్లమీది చిన్న స్పీకరుకి జానెడు దూరంలో గిటారు పట్టుకుని వాల్యూం పెంచాను. తీగె పట్టుకుంది! 9 సెకన్లు నిలబడింది.

బిట్ సినిమాలో వుంది. 40 సెకన్లలో 30 హీరోగారి డైలాగుల కింద పోయాయి. ఆ చివరి నోటు దగ్గర మాత్రం ఆయన నోరు మూసుకుని బస్సెక్కుతాడు.